కృష్ణా కెనాల్ దగ్గర పన్నెండు నిమిషాలు

గుంటూరు నుంచి విజయవాడకి రోజూ రైల్లో తిరిగేవాళ్ళకి కృష్ణా కెనాల్ గురించి చెప్పక్కర్లేదు. మంగళగిరి దాటి అక్కడిదాకా బుద్ధిగా వచ్చిన బండి, సిగ్నల్ కోసం నిలబడిపోతుంది. తెనాలి వైపు నుంచి వచ్చే బండ్లూ అక్కడే కలుస్తాయి కదా, మన వంతు వచ్చేదాకా కూర్చోవడమే. మొదట్లో నాకు ఆ స్టేషన్ పేరు వింటేనే ఒళ్ళుమంట. ఇప్పుడు అక్కడ బండి ఆగకపోతే వెలితిగా ఉంటోంది.

సీఏ ఇంటర్ అయ్యాక, ఆర్టికల్‌షిప్‌లో, అంటే ఆడిటర్ దగ్గర పని నేర్చుకునే శిక్షణలో, చేరేముందు కాస్త ఖాళీ దొరికింది. అప్పుడు ఏలూరు దగ్గర విజయరాయిలో ఉన్న విపశ్యన ధ్యాన కేంద్రానికి పది రోజుల కోర్సుకి వెళ్ళాను. ఫీజు లేదు, అంతకుముందు కోర్సు చేసినవాళ్ళు ఇచ్చిన విరాళాలతోనే నడుస్తుంది. ఫోన్ ఇచ్చేయాలి, మాట్లాడకూడదు, పుస్తకం ముట్టకూడదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. మొదటి మూడు రోజులూ పని ఒక్కటే, ముక్కు దగ్గర ఊపిరి వస్తోందా, పోతోందా అని చూస్తూ ఉండటం. ఆనాపాన అంటారు. ఊపిరిని మార్చకూడదు, లెక్కపెట్టకూడదు, ఏ మంత్రమూ జోడించకూడదు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. రెండో రోజు మధ్యాహ్నానికి గోడ దూకి పారిపోదామనిపించింది.

ఇంటికెళ్ళాక రోజూ పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమని చెప్పి పంపిస్తారు. పదకొండు రోజులు కూర్చున్నాను. పన్నెండో రోజు గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేరాను. అంతే సంగతులు.

జీఎస్టీ పని చేసేవాళ్ళకి నెలకి రెండు అమావాస్యలు, రిటర్నులు వేసే గడువులు, పదకొండో తారీఖు ఒకటి, ఇరవయ్యో తారీఖు ఒకటి. ఇక సెప్టెంబర్ 30, ట్యాక్స్ ఆడిట్ గడువు, దగ్గరపడితే బ్రాడీపేటలో మా ఇంటికి చేరేసరికి రాత్రి పదిన్నర. నాలుగున్నరకి అలారం పెట్టుకుని చూశాను. అమ్మ లైటు వేసి, "కూర్చుని నిద్రపోయే బదులు పడుకుని నిద్రపోవే" అంది. నిజంగానే నిద్రపోతున్నాను. యాప్ కూడా వేసుకున్నాను. వరసగా ఎన్ని రోజులు చేశామో అంకె చూపిస్తుంది. ఒక ఇరవయ్యో తారీఖున ఆ అంకె సున్నా అయ్యింది. ఉక్రోషంతో యాప్ తీసేశాను, దాంతోపాటు ధ్యానాన్నీ. గంట కుదరనప్పుడు ఎందుకులే అనుకోవడం నా వంక. ఆ వంకతో ఏడు నెలలు గడిపేశాను.

ఆ వంకని పాడుచేసింది ఊ బా ఖిన్. ఈ కోర్సుల్ని మన దేశానికి తెచ్చిన గోయెంకా గారికి గురువు. ఆయనేదో అడవిలో ఉండే సన్యాసి అనుకున్నాను. కాదు, 1948లో బర్మాకి స్వతంత్రం వచ్చాక అకౌంటెంట్ జనరల్ అయిన మనిషి! మా వృత్తివాడే. ఆఫీసులో సిబ్బందికి ధ్యానం నేర్పేవాడట, ఒక దశలో మూడు నాలుగు శాఖలు ఒకేసారి చూశాడట. ఒక్క ఆఫీసులో వోచర్లు కొట్టుకుంటూ నాకు టైం లేదంటే ఏం బాగుంటుంది?

మర్నాడు కెనాల్ దగ్గర బండి ఆగగానే కళ్ళు మూసుకున్నాను. లాప్‌టాప్ బ్యాగు ఒళ్ళో, దాని పట్టీ మణికట్టుకి రెండు చుట్లు, ఫోన్ వైబ్రేషన్‌లో పన్నెండు నిమిషాలకి. బండి ముందే కదిలినా ఫర్వాలేదు, వంతెన చప్పుడులోనే మిగతాది. ఎదురు సీటులో మంగళగిరిలో ఎక్కే పూలమ్మే పిన్నిగారు మొదటి వారమంతా నా మోకాలు తట్టి, "అమ్మాయ్, బెజవాడొచ్చింది, లే" అని లేపేది. తర్వాత ఆమే ఇంకెవరో నా పక్కన గట్టిగా ఫోన్ మాట్లాడుతుంటే, "మెల్లగా, ఆ పిల్ల జపం చేసుకుంటోంది" అంది. జపం కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

ఆ పన్నెండు నిమిషాల్లో ఊపిరి కనబడేది ఏ నాలుగు నిమిషాలో. మిగతాదంతా ఆఫీసే. ఒకరోజు ఊపిరి చూస్తుంటే, ముందురోజు కలవని ట్రయల్ బ్యాలెన్స్, అదే డెబిట్లూ క్రెడిట్లూ సమానంగా రావాల్సిన పట్టిక, గుర్తొచ్చింది. తేడా 1,800. తొమ్మిదితో భాగిస్తే పోతుంది! అంటే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి. 4,200 బదులు 2,400 వేశాను. కళ్ళు తెరిచి చేతిమీద రాసుకున్నాను. ట్రయల్ బ్యాలెన్స్ కలిసింది, ధ్యానం కృష్ణలో కలిసింది.

ప్రశాంతత వచ్చిందా అని ఫ్రెండ్స్ అడుగుతారు. క్లయింట్ ఫోన్లో అరిచినప్పుడు, నేను తిరిగి అరిచేలోగా ఒక్క ఊపిరి తెలుస్తోంది. కొన్నిసార్లు తెలిశాక కూడా అరుస్తున్నాను. ఆదివారాలు మాత్రం ఇంకా కుదరడం లేదు. మేడమీద కూర్చుంటే అమ్మ వడియాలకి కాపలా కూర్చున్నాననుకుంటోంది.

వచ్చే నెలతో ఆర్టికల్‌షిప్ అయిపోతుంది. ఫైనల్ పరీక్షల దాకా ఇంట్లోనే చదువు, రైలుతో పని లేదు. సీజన్ టికెట్ ఇంకో నెలకి తీసుకున్నాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.