చిల్లకర్ర, రెసిన్, లేత్: పెన్నుల తయారీలో ఇప్పటిదాకా జరిగిన పని

కావలి నుంచి సింగరాయకొండ దాకా రైలు కట్ట పక్కన, చెరువు కట్టల మీద, బీడు భూముల్లో ఎటు చూసినా చిల్లచెట్లే. సర్కారు తుమ్మ అని కూడా అంటారు. నరికి బొగ్గు కాల్చడానికి తప్ప దేనికీ పనికిరాదని మన వైపు దానికి పేరు పడిపోయింది. ఆ మాటతో నేను ఏకీభవించను. ముదిరిన చిల్లచెట్టు చేవ ముదురు గోధుమ రంగులో, చేత్తో నిమరాలనిపించేంత నున్నగా తేలుతుంది. ఆరేటప్పుడు చాలా కర్రల కన్నా తక్కువ కుంచించుకుంటుంది. అమెరికాలో టెక్సస్ ప్రాంతపు లేత్ (కర్రను తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం) పనివాళ్లు దీని దగ్గరి బంధువైన మెస్కీట్ కర్రను ఏరికోరి తెచ్చుకుంటారు. చిల్లకర్రకు ఉన్న చిక్కల్లా నిటారుగా పెరగకపోవడం, లోపల పగుళ్లు, పురుగు తొలిచిన సొరంగాలు, బెరడు లోపలికి మడిచిపెట్టుకున్న చోట్లు. రంగు రెసిన్ (పోశాక ప్లాస్టిక్‌లా గట్టిపడే ద్రవం) పోయడానికి ఆ ఖాళీలే కావాలి. అందుకే ఈ ఏడాది పెన్నులన్నీ ఈ కర్రతోనే చేయాలని పెట్టుకున్నాను.

జనవరి, కర్ర

బొగ్గు బట్టీ దగ్గరికి వెళ్లి కణుపులున్న మొద్దులు కావాలని అడిగితే, అక్కడి పెద్దాయన "ఇవి లోపలిదాకా కాలవు సార్, మాకు ఎందుకూ పనికిరావు, తీసుకెళ్లండి" అన్నాడు. అడితిలో నున్నటి టేకు ముక్క కొనడం కన్నా ఇది నాకు ఎంతో మేలనిపించింది.

మొద్దులను 20 మిల్లీమీటర్ల చదరపు కడ్డీలుగా కోయించి, కోసిన రోజే రెండు చివరలకూ కరిగించిన మైనం పూశాను. కర్రలోని నీరు పక్కల నుంచి కన్నా చివరల నుంచి చాలా వేగంగా పోతుంది. అందుకే బీటలు ముందు అక్కడే మొదలవుతాయి.

ఇక్కడే మన తీరప్రాంతపు అసలు సమస్య ఉంది. గాలిలో తేమ 75 శాతం దగ్గర ఉన్నన్నాళ్లూ, నీడన పెట్టిన కర్ర సుమారు 14 శాతం తేమ దగ్గర ఆగిపోతుంది. ఇంకో ఏడాది ఉంచినా అంతకన్నా ఆరదు. రెసిన్ పోయాలంటే 10 శాతం లోపు ఉండాలన్నది నేను పెట్టుకున్న హద్దు. తడి ఉంటే రెసిన్ వేడెక్కినప్పుడు కర్రలోని గాలి, ఆవిరి బయటికి తోసుకొచ్చి, కర్రా రెసినూ కలిసే గీత వెంట సన్నటి బుడగల వరుస మిగులుస్తాయి. పైకి అతుక్కున్నట్టే కనిపిస్తుంది, ఉలి తగలగానే విడిపోతుంది.

దీనికి ప్లైవుడ్‌తో ఒక పెట్టె చేశాను. అడుగున 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, కిందా పైనా గాలి ఆడటానికి రంధ్రాలు, మధ్యలో ఇనుప జాలీ. లోపల 45 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే చాలు. తేమ మీటరు కన్నా వంటింటి తూకం యంత్రాన్నే నేను ఎక్కువగా నమ్ముతాను. కడ్డీల్లోంచి ఒక ముక్కను కోసి తూచి, కేకులు చేసే ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర, బరువు తగ్గడం ఆగేదాకా ఉంచాలి. మొన్నటి ముక్క ముందు 124 గ్రాములు, తర్వాత 111. పోయిన 13 గ్రాములను 111తో భాగిస్తే 11.7 శాతం. అంటే ఆ కట్ట ఇంకొన్నాళ్లు పెట్టెలోనే ఉండాలి.

చూసినవాళ్లు ఎర్రచందనంతో చేయవా అని అడుగుతుంటారు. వెలిగొండల్లో అది పెరిగే మాట నిజమే. అటవీ శాఖ అనుమతి కాగితాలు లేని ముక్క, అగ్గిపుల్లంతదైనా సరే, నా గదిలోకి రానివ్వను.

ఏప్రిల్, మే: రెసిన్

నేను వాడే రెసిన్ పేరు ఎపాక్సీ. అందులో పైన పూతకు అమ్మే రకం వేరు, అచ్చులో పోతకు అమ్మే రకం వేరు. పూత రకాన్ని మందంగా పోస్తే దాని వేడికి అదే పొగలు కక్కి, పసుపు రంగుకు తిరిగి, పగులుతుంది. పోత రకం నెమ్మదిగా గట్టిపడుతుంది. అయితే ఆ నెమ్మది కూడా చల్లటి గదికే వర్తిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. కలిపాక పోయడానికి ఉండే గడువని డబ్బా మీద ముద్రించేది సాధారణంగా 25 డిగ్రీలకు చెప్పినది. మన మే నెల మధ్యాహ్నపు 42 డిగ్రీల్లో అందులో మూడో వంతు కూడా మిగలదు. కాబట్టి వేసవిలో పోత పనంతా తెల్లవారకముందే పూర్తి చేస్తున్నాను. రెసిన్ డబ్బాను ముందురోజు రాత్రి నుంచి నీళ్ల బకెట్‌లో నిలబెడతాను. మూత బిగుతుగా ఉండాలి, కలిపే ముందు డబ్బాను పొడిగా తుడవాలి.

కొలత విషయంలో ఒక జాగ్రత్త. డబ్బా మీద రాసిన 2:1 (రెండు వంతుల రెసిన్‌కు ఒక వంతు హార్డెనర్, అంటే దాన్ని గట్టిపరిచే ద్రవం) అన్నది పరిమాణానికా, బరువుకా అని చదివి తీరాలి. రెసిన్ సాధారణంగా హార్డెనర్ కన్నా బరువైనది. పరిమాణానికి చెప్పినదాన్ని తూకానికి వాడితే హార్డెనర్ ఎక్కువ పడుతుంది. ఎక్కువ పడితే త్వరగా గట్టిపడుతుందనుకుంటారు. అది నిజం కాదు, మెత్తగా ఉండిపోతుంది.

అచ్చుకు పాలీప్రొపిలీన్ డబ్బాలు, కూరగాయలు కోసే తెల్ల ప్లాస్టిక్ పలకలు బాగా పనికొస్తాయి. ఎపాక్సీ వాటికి అంటుకోదు. ఎండిన చిల్లకర్ర రెసిన్ కన్నా తేలిక కాబట్టి పోసిన వెంటనే పైకి తేలుతుంది. అచ్చు అడుగు నుంచి రెండు మరలు కర్రలోకి బిగిస్తే కదలదు. పోసే ముందు కర్ర పగుళ్లలోకి పల్చటి రెసిన్‌ను బ్రష్షుతో ఒక పూత పూసి, అది జిగటగా ఉండగానే అసలు పోత పోస్తే బుడగలు చాలావరకు తగ్గుతాయి.

మిగిలిన బుడగలకు పీడన పాత్ర. రంగులు స్ప్రే చేసేవాళ్లు వాడే ట్యాంకు తెచ్చుకున్నాను. 3 బార్ దగ్గర పెడితే లోపలి మొత్తం పీడనం బయటి గాలి పీడనానికి నాలుగు రెట్లవుతుంది, బుడగ నాలుగో వంతుకు నలుగుతుంది. రెసిన్ పూర్తిగా గట్టిపడేదాకా ఆ పీడనం దించకూడదు. దించితే బుడగ మళ్లీ ఉబ్బుతుంది. ఎంత పీడనం తట్టుకుంటుందో ముద్రించి, సేఫ్టీ వాల్వు ఉన్న ట్యాంకే తీసుకోండి. ప్రెషర్ కుక్కర్‌కు పైపు బిగించే ప్రయోగాలు వద్దని గట్టిగా చెబుతున్నాను.

జులై నుంచి లేత్ మీద

అర హార్స్‌పవర్ మోటారున్న చిన్న లేత్ నాది. ముందు కడ్డీ మధ్యలో, పెన్ను లోపలి ఇత్తడి గొట్టం పట్టేలా 7 మిల్లీమీటర్ల రంధ్రం. రెసిన్ భాగంలో డ్రిల్లు ఆగితే వేడికి మెత్తబడి పట్టేస్తుంది. అందుకే కొంచెం దూరం వెళ్లి బయటికి లాగి, తురుము దులిపి మళ్లీ వెళ్లాలి. రెసిన్ పారదర్శకంగా ఉంటే లోపలి ఇత్తడి గొట్టం మెరుస్తూ కనిపిస్తుంది. రంధ్రం లోపలి గోడకూ గొట్టానికీ ఒకే రంగు పూసి ఆరాకే అంటిస్తాను. నెమలికంఠం రంగు రెసిన్‌కు నల్ల పూత వేస్తే లోతు వస్తుంది.

చిల్ల గట్టిది, రెసిన్ దాని పక్కన మెత్తనిది. ఈ తేడా మొదట చేతికి తెలుస్తుంది. ఉలి కర్ర మీద ఉన్నంతసేపు గరగరమని పొడిపొడిగా రాలుతుంది. రెసిన్ మీదికి రాగానే శబ్దం తగ్గి, పొడవాటి రిబ్బన్లు లేచి ఉలి చుట్టూ చుట్టుకుంటాయి. రిబ్బన్లు వస్తున్నాయంటే పదును బాగుందని అర్థం. ముక్కలుగా ఎగిరితే వెంటనే ఆపి ఉలికి సాన పట్టాలి. మూలలు పోయేదాకా నిమిషానికి 1,200 చుట్లు, గుండ్రంగా తిరిగాక 2,500 చుట్ల వేగం నాకు కుదురుతోంది.

ఉప్పు కాగితాన్ని వేలితో నొక్కి పట్టుకుంటే రెసిన్ ఎక్కువ అరిగి అక్కడ గుంట పడుతుంది. కాగితం వెనక చదునైన చెక్క ముక్క పెట్టి, గరుకు అంకె 240 నుంచి నున్నటి 600 దాకా వెళ్లాను. ప్రతి అంకె తర్వాతా లేత్ ఆపి, నిలువునా నాలుగు రుద్దులు రుద్దాలి. నీళ్లతో రుద్దే పని పల్చటి సూపర్ గ్లూ పూతతో కర్ర మూసుకుపోయాకే. ముందే తడిపితే రెసిన్ పొడి కర్ర రంధ్రాల్లోకి దిగి, గోధుమ రంగు మీద నీలి మసక మిగులుతుంది.

పెన్నుకు చేతి చెమట తగులుతుంది కనుక పైపూత కూడా సూపర్ గ్లూనే. లక్క పాలిష్ కర్ర మీద ఎంత అందంగా ఉన్నా రెసిన్ మీద సరిగా నిలవడం లేదు. వేడి ఆహారం తగిలే గరిటెలు, స్పూన్లకు మాత్రం రెసిన్ అసలు వాడను. ఆ పనిలో మన నెల్లూరు జిల్లాలోనే ఉదయగిరి ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన అక్కడి చెక్క స్పూన్లకు నర్ది, బిక్కి, దేవదారు లాంటి కర్రలు వాడతారు. ఒక ఉదయగిరి స్పూను అంచును వేలితో తడిమి చూస్తే ఉప్పు కాగితం గురించి చాలా తెలుస్తుంది.

రెసిన్ కలిపేటప్పుడు చేతులకు తొడుగులు తప్పనిసరి, ఒంటికి తగిలితే అలర్జీ పట్టుకుంటుంది. లేత్ తిరుగుతుండగా మాత్రం తొడుగులు, ఉంగరాలు, వదులు చొక్కాలు ఏవీ ఉండకూడదు. ముఖానికి కవచం, ముక్కుకు ఎన్95 మాస్కు.

ప్రస్తుతం బల్బు పెట్టెలో రెండో కట్ట కడ్డీలు 9 శాతానికి దిగాయి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోపు వాటికి పోత పోసేయాలి. దాని తర్వాత తాటి దూలం. నల్లటి పోగుల మధ్య మెత్తటి భాగం ఉలి తగిలితే రాలిపోతోంది కాబట్టి, ముందు పల్చటి సూపర్ గ్లూ ఇంకేలా తాగించి, ఆ తర్వాత తేనె రంగు రెసిన్‌తో ప్రయత్నిస్తాను.