గోడ పట్టుకు పాకే కణం

1985 వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం, బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్న మేము పద్దెనిమిది మందిమి మా కాలేజీ జువాలజీ ల్యాబులో ఉత్తరపు కిటికీ దగ్గర వరుసగా నిలబడి, ఉన్న ఒక్క మంచి మైక్రోస్కోపులోకి చూడడానికి వంతు కోసం కాచుకుని ఉన్నాం. పంటకాలువ గట్టున అటెండరు పట్టుకొచ్చిన కప్పకు మాస్టారు మత్తు ఇచ్చి, తడిగుడ్డ చుట్టి, చిల్లు పెట్టిన కొయ్యపలక మీద పడుకోబెట్టి, వెనుక కాలి వేళ్లను దారాలతో విడదీసి, వేళ్ల మధ్య ఉండే పల్చటి పొర సరిగ్గా ఆ చిల్లు మీదికి వచ్చేలా అమర్చారు. నా వంతు వచ్చాక ఆ పొరలో చూసినది ఇన్నేళ్లయినా నా కళ్ల ముందు నుంచి పోలేదు. వెంట్రుక కన్నా సన్నని నాళాల్లో, కోడిగుడ్డు ఆకారపు ఎర్ర కణాలు వరద కాలువలో కొట్టుకుపోతున్నట్టు పోతున్నాయి. వాటికి పక్కగా, నాళపు గోడను ఆనుకుని, రంగు లేని గుండ్రటి కణం ఒకటి ఆ ఉరవడికి లొంగకుండా మెల్లగా దొర్లుకుంటూ వస్తోంది. నేను తల ఎత్తబోతుంటే మాస్టారు భుజం మీద చెయ్యి వేసి, "ఆగవోయ్, ఆ తెల్లది ఎక్కడ నిలబడుతుందో చూసి మరీ లే" అన్నారు. వెనుక ఉన్నవాళ్లు విసుక్కుంటున్నా నన్ను లేవనివ్వలేదు. కాసేపటికి అది నిలబడింది. అక్కడే ఎందుకు నిలబడిందండీ అని అడిగితే, ఇంతవరకు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారని జవాబిచ్చారు. ఆ నాటికి అది చాలావరకు నిజం.

మరునాటి క్లాసులో ఆయన సిలబస్ పక్కన పెట్టి, 1867లో బెర్లిన్‌లో యూలియస్ కోన్‌హైమ్ అనే వైద్యుడు ఇలాగే కప్ప రక్తనాళాలను గంటల తరబడి చూసి, తెల్ల కణాలు గోడకు అతుక్కుని, గోడలోంచి దూరి బయటికి వస్తాయనీ, చీములో ఉండేవి అవేననీ నిరూపించిన కథ చెప్పారు. 1882లో మెస్సీనా సముద్రతీరాన ఇల్యా మెచ్నికోవ్ నక్షత్రచేప పిల్లలో గులాబీ ముల్లు గుచ్చి, తెల్లవారేసరికి ముల్లు చుట్టూ కణాలు మూగి ఉండడం చూసిన సంగతీ చెప్పారు. తుమ్మముల్లు విరిగి అరికాలులో ఉండిపోతే రెండో రోజుకు ఏమవుతుందో తెలియని పిల్లవాడు మా క్లాసులో ఒక్కడూ లేడు. ఎరుపు, వాపు, వేడి, సలుపు అని రోమన్లు రెండు వేల ఏళ్ల కిందట లెక్కపెట్టిన నాలుగు లక్షణాలూ మా అమ్మలకు తెలిసినవే. వాటిలో ఒకదాన్ని మన భాష సెగగడ్డ అనే పేరులోనే దాచుకుంది. పుస్తకంలోని విషయం నా అరికాలి విషయం కూడా అని నాకు తెలిసింది ఆ రోజునే.

ఎమ్మెస్సీ తరవాత హైదరాబాదులో పీహెచ్‌డీలో చేరినప్పుడు నేను ఎంచుకున్నది న్యూట్రోఫిల్ అనే తెల్ల కణం. మన ఎముకల మజ్జ రోజుకు దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తుంది. గాయమైనచోటికి అందరికన్నా ముందు చేరేవి ఇవే. వాటి నడకను కొలవడానికి 1962లో స్టీఫెన్ బోయ్డెన్ రూపొందించిన పరికరం చాలా సాదా అయినది: రెండు చిన్న గదులు, మధ్యలో సన్నని రంధ్రాల వడపోత కాగితం, కింది గదిలో బాక్టీరియా వదిలే ఒక చిన్న ప్రొటీన్ తునక, పై గదిలో కణాలు. పన్నెండు మైక్రాన్ల కణం మూడు మైక్రాన్ల రంధ్రంలోంచి దూరి వాసన వచ్చిన వైపుకు దిగుతుంది. గంట తరవాత కాగితానికి రంగు వేసి, దిగినవాటిని లెక్కపెట్టాలి.

మొదటి ఏడాదిలో నాలుగు నెలలపాటు నా లెక్కలేవీ కుదరలేదు. ఏ సంకేతమూ ఇవ్వని గదుల్లో కూడా కణాలు ఆకారం మార్చుకుని ఒకదానికొకటి అతుక్కునేవి. కదలవలసినచోట కదిలేవి కావు. తప్పు నాదే. నేను వాడుతున్న స్వేదనజలం కొన్నాళ్లు నిల్వ ఉన్నది. మరగబెట్టాను కదా అని ధైర్యం. మరిగిస్తే బాక్టీరియా చస్తుంది గాని, దాని పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే పదార్థం చెక్కుచెదరదు. నా కంటికీ, ప్రయోగశాలలోని ఏ పరికరానికీ అందని ఆ లేశమాత్రపు జాడను కణాలు పసిగట్టి, శత్రువు వచ్చాడని సిద్ధమై కూర్చున్నాయి. ఆ రోజు నుంచి, ప్రయోగం చెడిందని విద్యార్థులు వచ్చి చెప్పినప్పుడల్లా, కణం ఏం చూసి అలా చేసిందో ముందు కనుక్కోమని చెబుతున్నాను.

తొంభైల నడుమ బోస్టన్ వెళ్లేసరికి మాస్టారిని నేనడిగిన ప్రశ్నకు జవాబు రూపుకట్టుకుంటోంది. గాయం దగ్గరి నాళపు గోడ సెలెక్టిన్ అనే జిగురు అణువులను పైకి తెస్తుంది. ప్రవాహంలో పోతున్న కణం వాటికి తగులుకుంటూ, విడివడుతూ దొర్లుతుంది. అలా దొర్లుతున్నప్పుడు గోడ మీది కీమోకైన్ అనే రసాయనం తగలగానే, కణం మీద ముడుచుకుని ఉన్న ఇంటెగ్రిన్ ప్రొటీన్లు సెకను లోపల మడత విప్పుకుని గోడను గట్టిగా పట్టుకుంటాయి. దొర్లడానికి ఒక అణువు, నిలబడడానికి మరొకటి కావాలని 1991లో లారెన్స్, స్ప్రింగర్ కలిసి గాజుపలక మీద చూపించారు. గాజు మీద ఆ రెండు ప్రొటీన్లనూ పూసి, పైనుంచి రక్తం వేగంతో ద్రవాన్ని పారించే ఆ పద్ధతినే నేనూ నేర్చుకున్నాను.

అక్కడ ఉండగా ఒక ఆస్పత్రి నుంచి ఒక పసివాడి రక్తం మా ప్రయోగశాలకు వచ్చింది. నెల దాటినా ఆ బిడ్డకు బొడ్డు ఊడలేదు. మన ఇళ్లలో బాలింత దగ్గర ఉండే పెద్దవాళ్లు పది రోజులు దాటితేనే కంగారు పడతారు. ఆ వైద్యురాలికి కూడా అనుమానం తగిలింది అక్కడే. బొడ్డు ఊడాలన్నా అక్కడికి న్యూట్రోఫిల్స్ చేరాలి. ఆ పిల్లవాడి రక్తంలో అవి మామూలు కన్నా ఎన్నో రెట్లు ఉన్నాయి, అయినా పుండు దగ్గర చుక్క చీము లేదు. నేను ఆ కణాలను గాజుపలక మీదికి పారించి చూశాను. అవి దొర్లుతున్నాయి, చక్కగా దొర్లుతున్నాయి, కాని ఒక్కటీ నిలబడలేదు. ఇంటెగ్రిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు చెడిపోయిన పిల్లల్లో ఇలా జరుగుతుందని అంతకుముందే చదివి ఉన్నాను గాని, ఎదురుగా చూసినప్పుడు చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. బిడ్డకు ఎముకమజ్జ మార్పిడి చేశారు. ఏడాది తరవాత పంపిన నమూనాలో కణాలు దొర్లి, వేగం తగ్గి, నిలబడ్డాయి. నా ఉద్యోగజీవితంలో నాకు అంతకు మించిన రోజు లేదు.

కణాలను ఆపవలసిన జబ్బులూ ఉన్నాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో తెల్ల కణాలు మెదడులోకి చొరబడి నరాల తొడుగును పాడుచేస్తాయి. ఇంటెగ్రిన్‌ను అడ్డుకుని వాటిని రక్తంలోనే ఉంచే నటాలిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. రోగులకు గొప్ప మేలు కనిపించింది. కాపలా తగ్గిన మెదడులో కొందరికి ఒక వైరస్ విజృంభించడంతో 2005 ఫిబ్రవరిలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. రోగులే గట్టిగా కోరగా, మరుసటి ఏడాది కఠినమైన షరతులతో తిరిగి ఇచ్చారు. 2014లో వచ్చిన వెడోలిజుమాబ్ ముఖ్యంగా పేగులవైపు వెళ్లే కణాలనే ఆపుతుంది. మా రంగం నడవవలసిన తోవ ఇదేనని నేను నమ్ముతున్నాను: ఊరంతటికీ దారి మూయడం కాక, ఏ వీధిలో మూయాలో తెలుసుకోవడం.

నా సొంత ప్రయోగశాల మొదలయ్యాక నా ప్రశ్న కూడా మారింది. వచ్చిన కణాలు ఎలా వెళ్లిపోతాయి? గాయం దగ్గరే చచ్చిపోతాయని, మాక్రోఫేజ్‌లు అనే మరో రకం తెల్ల కణాలు వాటిని తినేస్తాయని మేము చదువుకున్నాం. 2006లో విస్కాన్సిన్‌లో ఆనా హుటెన్‌లోకర్ బృందం, న్యూట్రోఫిల్స్ ఆకుపచ్చగా మెరిసే జీబ్రాచేప పిల్లల తోకకు చిన్న గాటు పెట్టి చూస్తే, వచ్చిన వాటిలో చాలా కణాలు వెనుదిరిగి వెళ్లడం కనిపించింది. ఆ చేప మన దేశపు వాగుల్లోది, 1822లో హామిల్టన్ కోసీ నది నుంచి తొలిసారి వర్ణించినది. నేను దాన్ని అమెరికాలో అద్దాల తొట్టెలో మొదటిసారి చూశాను. మూడు రోజుల పిల్ల అద్దంలా ఉంటుంది, కొయ్యాల్సిన పని లేదు. గాటు పెట్టిన అరగంటలో మొదటి కణాలు వస్తాయి, కొన్ని గంటల్లో గుంపు కడతాయి, మరునాటికి చాలావరకు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ అయ్యే పద్ధతి తెలిస్తేనే కీళ్లవాతం, ఉబ్బసం వంటి ఏళ్ల తరబడి తగ్గని వాపుల సంగతి తెలుస్తుంది. ఇప్పటికీ నేను చేస్తున్న పని ఇదే.

2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు, మా బ్యాచ్ మిత్రులు రాత్రుళ్లు ఫోన్ చేసి, జ్వరం వచ్చిన రెండో రోజే ఇంట్లో స్టెరాయిడ్ వేయవచ్చా అని అడిగేవారు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను దాదాపు మూడోవంతు తగ్గించిందని, ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు కనబడలేదని 2020 జూన్‌లోనే తేలింది. మొదటి రోజుల్లో వైరస్‌తో పోరాడవలసిన కణాలను మనమే కట్టేస్తామని ఒక్కొక్కరికీ చెప్పాను. విన్నవారున్నారు, వినడానికి వ్యవధి లేకపోయినవారూ ఉన్నారు. వారిలో ఇద్దరు ఆ ఉత్తరపు కిటికీ దగ్గర నా వెనుక నిలబడ్డవారు.

డిగ్రీ తరగతుల్లో జంతువుల కోతను యూజీసీ మాన్పించింది. అది మంచి నిర్ణయమనే నా అభిప్రాయం. కప్ప కాలిపొరను చూపించే అవకాశం మాత్రం దానితోపాటే పోయింది. అందుకని ఈసారి మా కాలేజీకి వచ్చినప్పుడు జువాలజీ డిపార్టుమెంటుకు ఒక చిన్న వీడియో ఇచ్చి వెళ్లాను. ఒక పక్క నా కణాలు, మరో పక్క నిలబడలేని కణాలు, ఒకే ప్రవాహంలో. నిడివి నాలుగు నిమిషాలు. మొదటి నిమిషంలో చెప్పుకోదగినది ఏమీ జరగదు, వేగం పెంచమని కుర్రాళ్లు అడిగారు. నేను పెంచలేదు.