మా పాపకు మాటలు పెరిగిన తీరు

మూడేళ్లు నిండినా మా పాపకు ఇంట్లో ప్రతి వస్తువూ "అది". "అది ఇవ్వు", "అది కావాలి". వేలు పెట్టి చూపిస్తే పని జరిగిపోతుంటే ఇక మాటలెందుకు? "అన్నీ అర్థమవుతున్నాయండీ, చెప్పడమే లేదు" అని ప్లేస్కూల్ టీచర్ కూడా అన్నారు. పిల్లల డాక్టర్ ముందు వినికిడి పరీక్ష చేయించమన్నారు. తరచూ జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనక నీరు చేరి సరిగా వినబడకపోవచ్చట. రిపోర్టు నార్మల్ అని వచ్చాక సగం టెన్షన్ తీరింది.

మిగతా సగం స్పీచ్ థెరపిస్టు మా చేతిలోనే పెట్టారు. "పొద్దస్తమానం ఇదేంటి, అదేంటి అని పరీక్ష పెట్టకండి. పాప దేన్ని చూస్తోందో దాని గురించి మీరే మాట్లాడండి. తను ఒక మాట అంటే దానికి ఇంకోటి చేర్చి అనండి. తర్వాత కాసేపు ఆగండి" అన్నారు. ఆ ఆగడమే కష్టం. మా అత్తయ్య వల్ల అసలు కాలేదు. పాప నోరు తెరిచేలోపే "నీళ్లా తల్లీ?" అంటూ గ్లాసు అందించేసేవారు.

కొని పెట్టుకున్న ఫ్లాష్ కార్డులు మాత్రం అటకెక్కాయి. ఏనుగు, ఓడ, విమానం... అన్నీ పేర్లే. పిల్లకి రోజంతా కావాల్సింది "మూత తియ్యి", "ఒలికిపోయింది", "జరుగు" లాంటివి. అవి దొరికేది వంటింట్లోనే.

సాయంత్రం చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంటే పక్కన చేరేది. "ఈనె తీస్తున్నా. చూడు, దారంలా వస్తోంది" అన్నాను.

"దారం" అంది.

"అవును, సన్న దారం. గట్టిగా లాగితే తెగిపోతుంది."

కొన్నాళ్లకు అరటిపండు ఒలుస్తుంటే, తొక్కతో పాటు వచ్చిన పీచు పట్టుకుని, "అమ్మా, సన్న దారం. తెగింది!" అంది. ఎవరూ అడగలేదు, తనే అంది. ఆ పూట ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగలేక ఫోన్ చేసి చెప్పేశాను.

పుస్తకాల సంగతికొస్తే, ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. కొన్ని ప్రింటు తీసుకున్నాం. రోజుకో కొత్త కథ అక్కర్లేదు, ఒకటే మళ్లీ మళ్లీ చదవమన్నారు థెరపిస్టు. మధ్యలో ఆపి "పిల్లి ఏం చేస్తోంది?", "ఎందుకు దాక్కుంది?" అని అడగాలి, అవును కాదు అని తేలిపోయే ప్రశ్నలు వద్దు. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడి బృందం కొందరు తల్లిదండ్రులకు ఇలా చదవడం నేర్పితే, నెల రోజుల్లోనే వాళ్ల పిల్లలు మామూలుగా కథలు విన్న పిల్లలకంటే మాటల్లో ముందుకెళ్లారు. మా ఇంట్లో అంత తొందరగా ఏమీ కాలేదు లెండి. చాలా రోజులు నేను అడగడం, నేనే చెప్పుకోవడం!

అన్నం దగ్గర ఫోన్ మానిపించడానికి పెద్ద యుద్ధమే జరిగింది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకి గంట మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మా పాపకు తిండి టైములోనే అది దాటిపోయేది.

"ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడండి, అడ్మిషన్‌కి పనికొస్తుంది" అని పక్క ఫ్లాట్ ఆవిడ సలహా ఇచ్చారు. మీకు ఏ భాష ధారాళంగా వస్తే అందులోనే మాట్లాడమన్నారు థెరపిస్టు. నాకూ అదే సబబనిపించింది. నాకొచ్చే ఇంగ్లిష్‌లో చిక్కుడుకాయ ఈనె గురించి కబుర్లు చెప్పడం నావల్ల కాదు.

ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు కలుపుతోంది. నిన్న, రేపు మాత్రం ఇంకా తారుమారే. "రేపు తాతయ్య వచ్చాడు" అంటుంది. "అవును, నిన్న వచ్చాడు, జామకాయలు తెచ్చాడు" అని నేను అందుకుంటాను. వచ్చే నెల మళ్లీ థెరపిస్టుకు చూపించాలి.