ఆరడుగుల సికింద్రాబాద్

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఏమైనా రాయమని కమిటీ వాళ్ళు ఒకటే ఫోన్లు. బడి అంటే నాకు గుర్తొచ్చేది లెక్కల సారు, ఆయన మనతో కట్టించిన గడియారం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఎటు పోయాయో తెలియదు.

సైన్స్ ఫేర్‌కు అందరూ అగ్నిపర్వతాలు చేస్తుంటే, సారు సికింద్రాబాద్ క్లాక్ టవర్ చేద్దామన్నారు. "మన నల్లగొండల గడియారం లేదా సార్?" అని వెనక బెంచీ నుంచి లేచిందెవరో మీకు తెలుసు. "దాన్ని రోజూ చూస్తనే ఉన్నవ్ కదరా, ఏం నేర్చుకున్నవ్?" అన్నారు. 1897లో ప్రారంభోత్సవం జరిగిన టవర్ అది, ఎత్తు 120 అడుగులు. ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున మనతోనే లెక్కేయించి ఆరడుగులు తేల్చారు. అట్టలు, చెక్క రీపర్లు, ఉడికించిన మైదా. రంగు దగ్గర జరిగిన గొడవ మాత్రం రాయను, ఆ ఇద్దరూ ఇప్పుడు వియ్యంకులు.

నాలుగు వైపులా ముళ్ళు తిరగాలని సారు పట్టు. ఈ ముఖం నుంచి ఆ ముఖానికి ఒకే చువ్వ దూర్చి, రెండు చివర్లా ముళ్ళు బిగించాం. తిప్పితే ముందు వైపు బాగానే ఉంది. "సార్, ఎనక దిక్కు టైం ఎనకకు పోతుంది!" సారు పడీ పడీ నవ్వారు. ఆయనకు ముందే తెలుసు. బోర్డు మీద బొమ్మ గీశారు: నిలువుగా ఒక కడ్డీ, దాని నెత్తిన ఏటవాలు పళ్ళ చక్రం, దాన్ని నాలుగు దిక్కుల నుంచీ కరుచుకున్న నాలుగు చక్రాలు. అప్పుడు ఎటు నుంచి చూసినా ముల్లు ఒకే తీరుగా తిరుగుతుంది.

ప్రకాశం బజార్‌లో కోయించిన చెక్క చక్రాలు మాత్రం పానగల్లు గుళ్ళో రోజంతా కదలని నీడలాగా, కదిలితే ఒట్టు! ఇంకేం, మనలో బక్కోణ్ణి లోపల కూర్చోబెట్టాం. చూడ్డానికొచ్చిన పెద్దాయన "టైం కరెక్టేనా?" అంటే, "కరెక్టే సార్" అని టవరే జవాబిచ్చింది. ప్రైజ్ రాలేదు.

నేనిప్పుడు బాలానగర్‌లో గేర్లు కోసే షాపు నడుపుతున్నా. సొంత షెడ్డే. బెవెల్ గేర్ల పని ఎక్కువ, అవే ఆ ఏటవాలు పళ్ళ చక్రాలు, బిడ్డ మెకానికల్ చదివి నాతోనే చేస్తోంది. కొత్తగా చేరేవాళ్ళ చేతికి ముందు ఒక చువ్వ, రెండు ముళ్ళు ఇస్తా. ఇంజనీరింగ్ చదివినోళ్ళూ బోల్తా పడతారు. నవ్వుతా గానీ చెప్పను.

ఆ టవర్ పక్కన దిగిన గ్రూప్ ఫొటో ఎవరి దగ్గరున్నా కమిటీకి పంపండి. అందులో ఒకడు తక్కువుంటాడు, ఎందుకని అడక్కండి.