కథ ఎవరి వైపు నుంచి? రెండో డ్రాఫ్టు నోట్సు

ఇల్లు అమ్మకం కథ రెండో డ్రాఫ్టులో ఉంది. సంఘటనల వరస కుదిరింది కాబట్టి ఈ విడత దృష్టికోణం మీదే కూర్చున్నాను.

మనుషులు ముగ్గురు: రాజమ్మ, పెద్ద కొడుకు శేఖర్, చిన్న కోడలు పద్మ. హైదరాబాద్ నుంచి వచ్చిన శేఖర్ అమ్మకం కాగితాలు తల్లి ముందు పెడతాడు. మొదటి డ్రాఫ్టు సర్వసాక్షి కథనం, అందరి మనసుల్లో ఏముందో చెప్పేస్తుంది. ఈసారి ఆ సన్నివేశాన్నే ఒక్కొక్కరి వైపు నుంచి ఒక్కో పేజీ రాసి చూశాను. ఒక వాక్యం ఇలా మారుతూ వచ్చింది:

రాజమ్మ కాగితాలు పక్కకు జరిపింది.
అమ్మ కాగితాలు పక్కకు జరిపింది.
అత్తయ్యగారు కాగితాలు పక్కకు జరిపారు.

రెండోది శేఖర్‌ది, మూడోది పద్మది. ఎక్కడా ‘నేను’ లేదు, మూడూ ప్రథమ పురుషే. అయినా ఎవరి పక్కన నిలబడి చూస్తున్నామో చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. తెలుగులో దృష్టికోణం సగం వరసలూ గౌరవ వాచకాలే పట్టుకుని ఉంటాయని నాకు గట్టిగా అనిపిస్తోంది. కథ రాసేవాళ్ళకి ఇది పెద్ద ఆస్తి.

కథ పద్మకే ఇచ్చాను. ఆ ఇంట్లో ఎక్కువ చూసేదీ తక్కువ మాట్లాడేదీ ఆమే. ప్రింటు తీసి ఎర్ర పెన్సిల్‌తో కూర్చున్నాను. పద్మ చూడలేనిదీ, ఆమెకు తెలియనిదీ ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత. ‘శేఖర్‌కి చిరాకు వేసింది’ పోయి ‘బావగారికి చిరాకు వేసినట్టుంది, కళ్ళజోడు తీసి రెండుసార్లు తుడిచారు’ వచ్చింది. ఆ ‘నట్టుంది’ వల్ల చిరాకు శేఖర్ మనసులోంచి కాక పద్మ ఊహలోంచి వస్తోంది. ‘తను’ కూడా బాగా పనికొస్తోంది. ‘బావగారు తన వైపు చూడలేదు’ అంటే చాలు, ఆ తను పద్మే.

మరి ఉత్తమ పురుషలోనే రాయొచ్చు కదా? ఒక పేజీ రాశాను. ‘నేను’ అనగానే పద్మ ఇదంతా ఎవరికి చెబుతోంది, ఎందుకు చెబుతోంది అన్న ప్రశ్న వచ్చింది. నా పద్మ ఎవరికీ చెప్పుకునే మనిషి కాదు. అందుకే వద్దనుకున్నాను.

మధ్యలో గురజాడ ‘దిద్దుబాటు’ (1910) మళ్ళీ చదివాను, కేవలం దీని కోసమే. కథ గోపాలరావు వెంటే నడుస్తుంది. భార్య కమలిని మంచం కింద ఉందని అతనికీ తెలియదు, మనకీ తెలియదు. అదే కథ కమలిని వైపు నుంచి చెబితే చివరి ఆశ్చర్యం ఉండదు. దాని బదులు, దాక్కుని భర్త కంగారంతా వినే సరదా దొరుకుతుంది. దృష్టికోణం మారితే పాఠకుడికి దక్కేదే మారిపోతుంది.

ఎక్కువసేపు పట్టింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు సన్నివేశం. పద్మ అక్కడికి వెళ్ళదు. చుక్కలు పెట్టి ఆ ఒక్క భాగం శేఖర్‌కి అప్పగించొచ్చు, కానీ ఇంత చిన్న కథలో ఒక్కసారికి కొత్త మనసు తెరవడం నాకు ఇష్టం లేదు. పద్మ విన్నట్టే రాశాను: ‘వేలిముద్ర వేసేటప్పుడు అత్తయ్యగారు నవ్వారట.’ ఆ నవ్వు నిజమా, ఇంటికొచ్చి బావగారు కల్పించి చెప్పిందా అన్న అనుమానం ‘అట’తో దానంతటదే వచ్చింది. సన్నివేశం రెండు పేజీల నుంచి అర పేజీకి తగ్గింది, బలం పెరిగింది.

ఇప్పుడు మొత్తం ఫోనులో చదివి రికార్డు చేసుకుని వింటున్నాను. ‘అత్తయ్యగారు’ ఉండాల్సిన చోట ‘రాజమ్మ’ అని పడితే కంటి కంటే చెవి ముందు పట్టుకుంటోంది. తర్వాతి పని, చివరి సన్నివేశాన్ని రాజమ్మ వైపు నుంచి రాయడం. కథలో పెట్టను. ఆవిడ ఎందుకు నవ్విందో నాకు తెలియాలి.