మా అత్తారి ఇంటిపేరు "బెవన్" మూలం దొరికింది – నా అనుభవం

నిన్న రాత్రే తేలింది, ఆ ఊపులోనే రాసేస్తున్నా. మా ఆయనది వేల్స్, ఇంటిపేరు బెవన్. 1948లో ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ) మొదలుపెట్టిన మంత్రి అన్యూరిన్ బెవన్‌దీ ఇదే ఇంటిపేరు, కానీ మాకు చుట్టరికం లేదు, అందరూ అడుగుతారని ముందే చెప్తున్నా. మావయ్యగారికి వాళ్ల తాతగారి దాకానే తెలుసు. మా పుట్టింటి వైపు ఏడు తరాలు నేను గడగడా చెప్తాను, మరి నా పిల్లలకి రెండో వైపు తెలీకపోతే ఎలా అని నేనే దిగా.

1921 నుంచి 1841 దాకా జనాభా లెక్కల్లో సాఫీగా వెళ్లిపోయింది. 1837 తర్వాత పుట్టినవాళ్లకైతే జీఆర్‌ఓ (అక్కడి జనన మరణాల రిజిస్ట్రేషన్ ఆఫీసు) ఇండెక్స్‌లో తల్లి పుట్టింటి పేరు చూసి పట్టుకోండి, లేదంటే ఒకే పేరుతో నలుగురైదుగురు తగులుతారు.

అసలు నరకం ఆ తర్వాత. వేల్స్‌లోని కార్మార్థెన్‌షైర్ అనే జిల్లాలో ఒక చర్చి రిజిస్టర్‌లో డేవిడ్ బెవన్ పెళ్లి దొరికింది గానీ, ఆ పేరుతో బాప్టిజం ఎక్కడా లేదు. సరే అడుగుదామని ఒక రికార్డు ఆఫీసుకి వెళ్తే కౌంటర్‌లో ఉన్నావిడ నన్ను ఎగాదిగా చూసి "ఇది మీ కుటుంబం కాదు కదా, మీ ఆయన్ని పంపించండి" అంది, అదీ హాల్లో అందరికీ వినిపించేలా. పైగా అంతకుముందువి ఇక దొరకవు, వదిలేయండని ఉచిత సలహా. ఒళ్లు మండిపోయింది. నా కడుపున పుట్టినవాళ్ల ముత్తాతలు నా కుటుంబం కాకపోతే ఇంకెవరి కుటుంబం? జనం తమ పూర్వీకుల కోసం వచ్చే చోట కూర్చున్నవాళ్లకి కనీస మర్యాద ఉండాలి.

ఇంటికొచ్చి కసిగా చదివా. పాత వేల్స్‌లో మనలా స్థిరమైన ఇంటిపేరు లేదు, తండ్రి పేరే కొడుకు పేరు చివర చేరేది, తరం మారితే అదీ మారిపోయేది. మా తమిళ కొలీగ్‌కి ఇది చెప్తే "మా ఇనీషియల్ లాగే కదా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇవాన్ కొడుకుని "అబ్ ఇవాన్" అనేవాళ్లు, అది కలిసిపోయి బెవన్. హవెల్ కొడుకు "అప్ హవెల్" పవెల్ అయ్యాడు, రీస్ కొడుకు ప్రైస్ అయ్యాడు. హవెల్ ద్దా అనే పదో శతాబ్దపు వేల్స్ రాజు పేరు మీదున్న పాత చట్టంలో భూమి కొడుకులందరికీ పంచేవారు, హక్కు కావాలంటే వంశం చెప్పుకోవాలి, అందుకే "అప్ అప్" అంటూ తాతముత్తాతల దాకా పేర్లు. 1536, 1543 చట్టాలతో ఇంగ్లిష్ పద్ధతి వచ్చాక జమీందార్లు ముందుగా ఇంటిపేరు స్థిరం చేసుకున్నారు, పల్లె రైతులు కొన్ని చోట్ల 19వ శతాబ్దం మొదటిదాకా పాత పద్ధతిలోనే ఉన్నారు.

అంటే నేను వెతకాల్సింది బెవన్‌ని కాదు, ఇవాన్ అనే తండ్రిని! 1858కి ముందు వేల్స్‌లో చర్చి కోర్టుల్లో నమోదైన వీలునామాలు నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. పెళ్లి రిజిస్టర్‌లో కనిపించిన ఊరి పేరుతో వెతికితే ఒక రైతు వీలునామా, ఆయన పేరు ఇవాన్ థామస్. అందులో "నా కొడుకు డేవిడ్ బెవన్", "నా కొడుకు జాన్ ఇవాన్" అని స్పష్టంగా ఉంది. ఒకే తండ్రి, ఇద్దరు కొడుకులు, రెండు ఇంటిపేర్లు! పెళ్లయిన కూతురిని కూడా తండ్రి పేరుతోనే రాశాడు, ఎందుకంటే అక్కడ ఆడవాళ్లు పెళ్లయ్యాక పేరు మార్చుకునేవాళ్లు కాదట, ఇది నాకు భలే నచ్చింది. ఆ తర్వాత బాప్టిజం రిజిస్టర్ తెరిస్తే "డేవిడ్, ఇవాన్ థామస్ కొడుకు" అని, వీలునామాలో ఉన్న పొలం పేరుతో సహా దొరికాడు. వాళ్లు వదిలేయమన్నదాన్ని నేను పట్టుకున్నా, గర్వంగానే చెప్తున్నా.

వేల్స్ వాళ్లని పెళ్లాడిన మన వాళ్లెవరైనా మొదలుపెడితే ఇంటిపేరు వెనక పరిగెత్తొద్దు, పొలం పేరు పట్టుకోండి, వీలునామాలు ముందు చూడండి. ఆఫీసుకి వెళ్లడం ఆఖర్న పెట్టుకోండి, వెళ్లినా రిజిస్టర్ నంబర్ రాసుకుని వెళ్లి నేరుగా అదే అడగండి. నేను ఇప్పుడు ఇవాన్ థామస్ వాళ్ల నాన్న థామస్ కోసం వెతుకుతున్నా.