మొగపిల్లగానివి గదరా

కాచిగూడలో రైలెక్కితే షాద్‌నగర్, జడ్చర్ల దాటి మహబూబ్‌నగర్. మా చిన్నమ్మ కొడుకు ఆ టౌన్‌లో సర్కారు హైస్కూల్ సారు. పిల్లలమర్రి చూపిస్తా రమ్మన్నాడు గానీ సెలవు దొరకలేదు. దాంతో ముందు వాడి బడికే వెళ్లాను.

తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ మీద ఒక పిల్లాడు తల వాల్చి నిద్రపోతున్నాడు. గోళ్ల సందుల్లో పసుపు. లేపితే ఉలిక్కిపడి, "రాత్రి ఫంక్షన్ హాల్ల వడ్డనకు పోయిన సార్" అన్నాడు. అమ్మానాయిన పూణెలో బిల్డింగ్ పనికి పోయారట, వాడూ అక్కా అవ్వ దగ్గరుంటారట. అదే ఇంట్లో ఆ అక్క వండి, వడ్డించి, టైముకు బడికొస్తుంది. సంపాదన మాత్రం వీడి వంతు.

"కొడతవా వీణ్ణి?" అని అడిగాను.

"2009 విద్యాహక్కు చట్టం వద్దంటది అన్నా. కానీ ఆడపిల్ల మీద చెయ్యేస్తే కొట్లాటకొచ్చే తల్లిదండ్రులే, కొడుకైతే 'నాలుగు తగిలియ్యుండ్రి సార్' అంటరు."

దెబ్బ తిన్నా ఏడవకూడదు. ఏడిస్తే "ఆడపిల్ల లెక్క ఏందిరా" అని దోస్తులే ఎక్కిరిస్తారు.

కాస్త డబ్బున్న ఇంట్లో కొడుకు వ్యాన్‌లో ప్రైవేటుకు పోతాడు, కూతురు నడిచి సర్కారు బడికొస్తుంది. కాబట్టి ఇక్కడ కనిపించే మగపిల్లాడి ఇంట్లో ఆ ఫీజుకు కూడా దిక్కులేదని అర్థం. మా వాడి క్లాసులో ఎక్కువమంది ఎస్సీలు, బీసీలు, తండాల లంబాడీ పిల్లలు. ఊళ్లో కులం అడిగేవాళ్లు టౌన్‌కొచ్చాక "ఏ స్కూల్?" అని అడుగుతారు. నాకైతే రెండూ ఒకటే ప్రశ్న అనిపించింది.

సాయంత్రం పిల్లలమర్రి చూశాం. 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించిన మర్రి అది. చెట్టుకు అంత వైద్యం జరిగినందుకు సంతోషమే.

తిరుగు ప్రయాణం పల్లెవెలుగులో. ముందు సీట్లో అక్కాతమ్ముళ్లు, ఇద్దరూ యూనిఫాంలోనే. అక్క ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది. 2023 డిసెంబర్‌లో ఉచిత ప్రయాణం వచ్చాక ఆడపిల్లల్ని పై చదువుకు పంపడం తేలికైంది, దాన్ని తప్పు పట్టను. తమ్ముడి పాస్ గడువు మాత్రం అయిపోయింది.

"అక్కకు ఊకెనే, నాకు పైసలా?"

"మొగపిల్లగానివి గదరా, తియ్యి" అన్నాడు కండక్టర్.

"మొగపిల్లగాడైతే పైసలు యాడికెళ్లొస్తయన్నా?"

కండక్టర్ టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. డబ్బులు అక్క ఇచ్చింది.